కాలేజీ ఫుట్‌బాల్ స్టేడియం చుట్టూ విగ్రహాలు, చెట్లు, సమాధులు ఎందుకుంటాయి?

మీ అమ్మాయి టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోందనీ, మొన్న మిమ్మల్ని అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం కైల్ ఫీల్డ్ చుట్టూ తిప్పిందనీ రాశారు. బయట కుక్కల సమాధులు, వాటి కోసం పెట్టిన స్కోరుబోర్డు, ఒక్క నిమిషం కూడా ఆడని ఆటగాడి విగ్రహం చూసి ఆశ్చర్యపోయామన్నారు. కాలేజీ పిల్లల ఆటకి ఇంత హంగామా అవసరమా, మిగతా యూనివర్సిటీల్లోనూ ఇలాగే ఉంటుందా, డిసెంబరులో ఇండియా వెళ్లేలోపు ఇంకేం చూడొచ్చు అని అడిగారు.

నేను మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్ ప్లానింగ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. స్టేడియం గేట్ల ముందు ప్లాజాలు, శిలాఫలకాలు, విగ్రహాల దిమ్మెలు, ఆ దిమ్మెల కింద నీళ్లు నిలవకుండా వేసే గొట్టాల దాకా మా విభాగమే చూసేది. ఆ పని మీదా, సొంత ఆసక్తితోనూ దేశంలో చాలా స్టేడియాల చుట్టూ తిరిగాను. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

హంగామా ఉన్నమాట నిజమే. అందులో కొంత వట్టి ప్రచారం, కొంత దాతల దగ్గర డబ్బు రాబట్టే ఏర్పాటు. కానీ మిగిలినదాంట్లో నిజమైన విలువ ఉంది. ఏది ఏదో తేల్చుకోవడానికి నేను ప్రతిచోటా రెండు విషయాలు చూస్తాను. ఒకటి, అక్కడ గుర్తు చేసుకుంటున్నది గెలిచినవాళ్లనేనా, ఓడినవాళ్లనీ, చనిపోయినవాళ్లనీ, అన్యాయమైపోయినవాళ్లనీ కూడానా? రెండు, ఆ గుర్తు దగ్గర ఏటా ఎవరైనా ఏదైనా చేస్తున్నారా, లేక ఫోటో దిగి వెళ్లిపోతున్నారా?

ముందు అసలు స్టేడియం దగ్గరే చరిత్ర ఎందుకు పోగుపడిందో చెప్తాను. చాలా స్టేడియాల పేర్లలో 'మెమోరియల్' అని ఉండటం మీరు గమనించే ఉంటారు. అది అలంకారానికి పెట్టిన మాట కాదు. హార్వర్డ్ స్టేడియం ఉన్న స్థలం పేరు సోల్జర్స్ ఫీల్డ్. హెన్రీ లీ హిగిన్సన్ అనే ఆయన అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన ఆరుగురు స్నేహితుల జ్ఞాపకంగా 1890లో ఆ నేలను యూనివర్సిటీకి ఇచ్చాడు. స్టేడియం ఆ తర్వాత 1903లో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఈ ఆలోచన దేశమంతా పాకింది. క్యాంపస్‌ల నుంచి వెళ్లిన కుర్రాళ్లు వందల్లో తిరిగి రాలేదు. వాళ్ల పేరు మీద ఏం కట్టాలి అన్నప్పుడు, ఊరూ కాలేజీ కలిసి కూర్చునే చోటు కడదాం అనుకున్నారు. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు చందాలు వేసుకున్నారు. నెబ్రాస్కా మెమోరియల్ స్టేడియం 1923లోనూ, టెక్సాస్ మెమోరియల్ స్టేడియం 1924లోనూ ఇలా వచ్చినవే.

వీటిలో నాకు బాగా నచ్చింది ఇల్లినాయ్ యూనివర్సిటీది. తూర్పు, పడమర వైపుల పైన వరసగా 200 రాతి స్తంభాలు, వాటి మీద యుద్ధంలో చనిపోయిన ఇల్లినాయ్ వాళ్ల పేర్లు. ఆట చూడ్డానికి మెట్లెక్కి వెళ్తుంటే పేర్లు ఒక్కొక్కటీ ఎదురవుతాయి. అదే స్టేడియంలో 1924 అక్టోబరు 18న, స్టేడియాన్ని లాంఛనంగా అంకితం చేసిన రోజున, రెడ్ గ్రేంజ్ అనే కుర్రాడు మిషిగన్ మీద మొదటి 12 నిమిషాల్లో నాలుగు టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) చేశాడు. ఇప్పుడు ఆయన కంచు విగ్రహం కూడా అక్కడ ఉంది. జనం ఆ విగ్రహం దగ్గరే ఎక్కువ ఆగుతారు. నేనైతే ఎవరిని తీసుకెళ్లినా ముందు స్తంభాల దగ్గరకే తీసుకెళ్తాను. అవి చూడకుండా వచ్చేస్తే ఆ కట్టడం ఎందుకు పుట్టిందో చూడనట్టే.

నెబ్రాస్కా స్టేడియం మీద చెక్కిన మాటలు కూడా చెప్పుకోదగ్గవి. హార్ట్‌లీ బర్ అలెగ్జాండర్ అనే తత్త్వశాస్త్ర ప్రొఫెసర్ రాశాడు. తెలుగులో చెప్పాలంటే దాదాపు ఇలా ఉంటుంది: గెలుపు కాదు, చేసిన పని ముఖ్యం; గోల్ కాదు, ఆట ముఖ్యం; కీర్తి ఉన్నది చేతలోనే. వారం వారం 80 వేలకు పైగా జనం గెలుపు కోసం గొంతు చించుకునే చోట ఈ మాటలు రాతి మీద ఉండటం నాకు ధైర్యంగానే అనిపిస్తుంది.

ఇక మామూలుగా అందరికీ కనిపించేవి కోచ్‌ల విగ్రహాలు, ఏటా అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచినవాళ్ల విగ్రహాలు, చాంపియన్‌షిప్ ఏళ్లు చెక్కిన పలకలు, ఇక ఎవరికీ ఇవ్వకుండా రిటైర్ చేసి గోడ మీద రాసిన జెర్సీ నంబర్లు. అలబామాలో బ్రయంట్–డెన్నీ స్టేడియం ఉత్తరం వైపున్న 'వాక్ ఆఫ్ చాంపియన్స్' వీటికి పెద్ద ఉదాహరణ. జాతీయ చాంపియన్‌షిప్ గెలిచిన కోచ్‌లు వాలస్ వేడ్, ఫ్రాంక్ థామస్, బేర్ బ్రయంట్, జీన్ స్టాలింగ్స్, నిక్ సేబన్ వరసగా నిలబడి ఉంటారు. ఆట రోజు టీమ్ బస్సు దిగి వాళ్ల మధ్య నుంచే లోపలికి నడుస్తుంది. అదే క్యాంపస్‌లో డెన్నీ చైమ్స్ అనే గంటల స్తంభం ఉంది. దాని అడుగున 1940ల చివరి నుంచీ ప్రతి ఏడాదీ టీమ్ కెప్టెన్లు తడి సిమెంటులో చేతులు, కాళ్లు అచ్చు వేస్తున్నారు. విగ్రహాలకన్నా నాకు ఆ సిమెంటు పలకలే ఇష్టం. 70 ఏళ్ల కిందటి కుర్రాడి అరచేయి పక్కన మీ అరచేయి పెట్టి కొలుచుకోవచ్చు.

విగ్రహం ఎలా తయారవుతుందో రెండు మాటలు చెప్తాను, తెలిస్తే చూసే చూపు మారుతుంది. శిల్పి ముందు బంకమట్టితో చేస్తాడు. దాని మీద రబ్బరు అచ్చు తీసి, ఆ అచ్చులో మైనం పోస్తారు. మైనపు బొమ్మ చుట్టూ పింగాణీ లాంటి పూత పొరలు పొరలుగా గట్టిపడ్డాక వేడి చేస్తే మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన కంచు పోస్తారు. పెద్ద విగ్రహం ఒకే ముక్కగా రాదు. తల, చేతులు, మొండెం విడివిడిగా పోసి వెల్డింగ్ చేసి, అతుకులు కనబడకుండా అరగదీస్తారు. చివర్లో వేడి మీద రసాయనాలు చల్లి ఆ ముదురు గోధుమ రంగు తెస్తారు, పైన మైనం పూత వేస్తారు. నిలువెత్తు మనిషి అంతే కొలతతో చేస్తే ఆరుబయట, అంత పెద్ద స్టేడియం పక్కన చిన్నపిల్లాడిలా కనిపిస్తాడు. అందుకే పావు వంతైనా పెంచి చేస్తారు.

తర్వాతి పోషణ మాది. ఏడాదికోసారి తేలికపాటి సబ్బునీళ్లతో కడిగి, ఆరాక మళ్లీ మైనం పట్టించాలి. ఇత్తడి చెంబులా తోమితే రంగంతా పోతుంది. చలికాలంలో మెట్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు దిమ్మెని తినేస్తుంది. విగ్రహంలో ఏ భాగం బంగారు రంగులో మెరుస్తుంటే జనం అక్కడే ముట్టుకుంటున్నారని అర్థం. బూటు కొన, చేతిలో బంతి, చాచిన వేళ్లు. ఏ విగ్రహాన్ని జనం సొంతం చేసుకున్నారో, దేన్ని పట్టించుకోవడం లేదో ఆ మెరుపు చూసి చెప్పేయొచ్చు. కింద పరిచిన, దాతల పేర్లు చెక్కిన ఇటుకలు మాత్రం ఎక్కువకాలం నిలవవు. నీళ్లు పగుళ్లలో దిగి గడ్డకట్టి ఇటుకను చీలుస్తాయి. పదేళ్లకి అక్షరాలు చదవడం కష్టమవుతుంది.

బతికున్నవాళ్లకి, ఇంకా పనిలో ఉన్నవాళ్లకి విగ్రహం పెట్టడం నాకు నచ్చదు. సేబన్ విగ్రహం 2011లో పెట్టేనాటికి ఆయన ఇంకా కోచ్‌గానే ఉన్నాడు. ఆయన విషయంలో ఇబ్బందేమీ రాలేదు, సంతోషం. పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఏమైందో చూడండి. కోచ్ జో పటెర్నో విగ్రహం 2001లో స్టేడియం బయట పెట్టారు. ఆయన దగ్గర ఏళ్ల తరబడి సహాయ కోచ్‌గా చేసిన జెర్రీ శాండస్కీ పిల్లల మీద చేసిన అత్యాచారాలు 2011లో బయటపడ్డాయి. పటెర్నో 2012 జనవరిలో చనిపోయాడు. పెద్దలు తెలిసీ సరిగా స్పందించలేదని విచారణ నివేదిక వచ్చాక, అదే ఏడాది జులై 22న విగ్రహాన్ని తీసేశారు. ఆయన కుటుంబం డబ్బిచ్చిన లైబ్రరీకి మాత్రం పేరు అలాగే ఉంచారు. అక్కడ అభిమానుల్లో ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. తీసేయడం సరైనదేననేది నా అభిప్రాయం. విగ్రహం దగ్గర తల ఎత్తి చూడాలి, ఆ చోట బాధిత కుటుంబం తల తిప్పుకుని వెళ్లాల్సి వస్తే అది యూనివర్సిటీ స్థలంలో ఉండకూడదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు గురించి చెప్తాను. అయోవా స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఏమ్స్ ఊళ్లో జాక్ ట్రైస్ స్టేడియం.

జాక్ ట్రైస్ అక్కడ చదువుకున్న మొదటి నల్లజాతి క్రీడాకారుడు. ఒహాయో రాష్ట్రం నుంచి వచ్చాడు. పశుపోషణ చదివేవాడు. 1923 అక్టోబరు 6న మినసోటా యూనివర్సిటీ మీద మినియాపొలిస్‌లో ఆట. ముందు రోజు రాత్రి హోటల్ కాగితం మీద తనకోసం తానే కొన్ని వాక్యాలు రాసుకున్నాడు. నా జాతి పరువు, నా కుటుంబం పరువు, నా పరువు పణంగా ఉన్నాయి, అందరూ నేను ఏదో గొప్పగా చేస్తానని చూస్తున్నారు, చేస్తాను, రేపు నా ఒళ్లూ ప్రాణమూ లెక్కచెయ్యకుండా మైదానమంతా ఆడతాను అన్నది దాని సారం. మర్నాడు ఆట మొదట్లోనే కంఠం కింది ఎముక విరిగింది. అయినా దిగిపోలేదు. మూడో క్వార్టర్‌లో ఎదుటి ఆటగాళ్లకు అడ్డం పడబోయి కింద పడ్డాడు, వాళ్లు ఆయన మీదుగా తొక్కుకుంటూ వెళ్లారు. ఆసుపత్రిలో చూసి ప్రయాణం చెయ్యొచ్చన్నారు. రైల్లో పడుకోబెట్టి ఏమ్స్ తీసుకొచ్చారు. ఊపిరితిత్తుల్లో, కడుపులో రక్తస్రావమై అక్టోబరు 8న చనిపోయాడు. వయసు 21. ఆ కాగితం ఆయన కోటు జేబులో దొరికింది. క్యాంపస్‌లో జరిగిన సంతాప సభకి 4 వేల మంది వచ్చారు.

అంతమంది వచ్చారు, కానీ మర్చిపోయారు. జిమ్‌లో ఒక ఫలకం పెట్టారు, దాని మీద దుమ్ము పేరుకుంది. దాదాపు 50 ఏళ్లు గడిచాక, 1970ల్లో, ఆ ఫలకం మళ్లీ కొందరి కంట పడింది. ఒక ఇంగ్లీషు తరగతి విద్యార్థులు పాత కాగితాలు తవ్వి ఆయన కథంతా బయటికి తీశారు. అప్పుడే కొత్త స్టేడియం కడుతున్నారు. దానికి ట్రైస్ పేరు పెట్టమని అడిగారు. స్టేడియం 1975లో తెరిచారు, పేరు పెట్టలేదు. 1984లో మధ్యేమార్గంగా స్టేడియానికి సైక్లోన్ అనీ, లోపలి మైదానానికి మాత్రం జాక్ ట్రైస్ అనీ పేర్లు పెట్టారు. విద్యార్థులు ఒప్పుకోలేదు. తామే డబ్బులు పోగేసి 1988లో ఆయన విగ్రహం చేయించారు. చివరికి 1997లో స్టేడియం మొత్తానికీ ఆయన పేరు పెట్టారు.

ఆ తేదీలను ఒక్కసారి లెక్కవేసి చూడండి. విద్యార్థి క్యాంపస్‌లో ఉండేది నాలుగేళ్లు. పాతికేళ్ల దాకా నడిచిన పోరాటమంటే కనీసం ఆరు తరాల విద్యార్థులు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని నడిపించారన్నమాట. మొదలుపెట్టినవాళ్లు ఎవరూ ఆఖరి రోజున క్యాంపస్‌లో విద్యార్థులుగా లేరు. యూనివర్సిటీలో పనిచేసినవాడిగా చెప్తున్నాను, విద్యార్థుల కోరికల్ని ఆఫీసులు ఎదుర్కొనే పద్ధతి ఒకటే, వాళ్లు పాసై వెళ్లిపోయేదాకా ఆగడం. ఇక్కడ ఆ పద్ధతి పనిచెయ్యలేదు. 2023లో నూరేళ్లు నిండినప్పుడు యూనివర్సిటీ ఆయనకు మరణానంతరం డిగ్రీ ఇచ్చింది. చాంపియన్‌షిప్‌లు గెలవలేదు, ఒక్క పెద్ద ఆట పూర్తిగా ఆడలేదు, అయినా ఆ స్టేడియం ఆయన పేరుతోనే ఉంది. కాలేజీ ఫుట్‌బాల్ తన చరిత్రను ఎలా గౌరవించాలి అని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే.

ఏటా ఏదో ఒకటి చేసే చోట్ల గురించి కూడా చెప్పాలి. ఒహాయో స్టేట్‌లో స్టేడియం పక్కన బకై చెట్ల తోపు ఉంది. బకై ఆ రాష్ట్ర వృక్షం. ఆ యూనివర్సిటీ ఆటగాడు ఎవరైనా దేశస్థాయి ఆల్ అమెరికన్ జట్టుకు ఎంపికైతే అతని పేర ఒక చెట్టు నాటుతారు, దాని మొదలు దగ్గర ఫలకం పెడతారు. దశాబ్దాలుగా చేస్తున్నారు. స్టేడియం పెంచినప్పుడు తోపును కదిలించాల్సి వచ్చింది, కదిలించారు. చెట్టుతో ఉన్న మంచి ఏమిటంటే దాన్ని వదిలేస్తే చచ్చిపోతుంది, ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉండాలి.

ఫ్లోరిడా స్టేట్‌లో 'సాడ్ సెమెటరీ' అని గడ్డిపెళ్లల శ్మశానం ఉంది. 1962లో జార్జియా మీద వాళ్ల ఊళ్లోనే 18–0తో గెలిచినప్పుడు అక్కడి మైదానం నుంచి గడ్డి పీకి తెచ్చారు. కోయల్ మూర్ అనే ప్రొఫెసర్ అలా తెమ్మని ఊరించాడు. అప్పటి నుంచి ఓడిపోతారని అందరూ అనుకున్న బయటి ఆట గెలిస్తే, కెప్టెన్లు ఆ నేల ముక్క తెచ్చి ఇక్కడ పాతిపెడతారు, పైన తేదీ, స్కోరుతో ఫలకం వేస్తారు. చదువుతూ నడుస్తుంటే టీమ్ చరిత్రంతా తెలిసిపోతుంది. సరదాగా ఉంటుంది, పిల్లలుంటే తప్పక చూపించండి.

జార్జియా యూనివర్సిటీ శాన్‌ఫర్డ్ స్టేడియంలో మైదానం చుట్టూ 1929 నుంచి కంచె మొక్కలున్నాయి. 1996 ఒలింపిక్స్ సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) కోసం వాటిని తీసెయ్యాల్సి వస్తే, ముందుగానే వాటి కొమ్మలు కత్తిరించి వేరేచోట పెంచి, ఒలింపిక్స్ అయిపోయాక అదే వంశం మొక్కలు తిరిగి నాటారు. టీమ్ గుర్తుగా పెంచుకునే వాళ్ల మస్కట్ బుల్‌డాగ్‌లు, ఊగా పేరుతో ఉండి చనిపోయినవి, ఆ స్టేడియంలోనే పాలరాతి సమాధుల్లో ఉన్నాయి. కాబట్టి మీరు చూసిన కుక్కల సమాధులు అక్కడొక్కచోటే కాదు.

ఆ మాటకి వస్తే మీ అమ్మాయి యూనివర్సిటీ సంగతి. రెవెలీ అనే మొదటి కుక్క 1931లో విద్యార్థుల కారు కింద పడి దెబ్బ తగిలితే వాళ్లే హాస్టల్‌కి తెచ్చుకుని పెంచుకున్నారు. అది చనిపోతే స్టేడియం ఉత్తరం వైపు పాతిపెట్టారు, స్కోరుబోర్డు కనిపించేలా. తర్వాత స్టేడియం పెంచినప్పుడు గోడ అడ్డమొచ్చింది. అందుకని సమాధుల వైపు తిప్పి చిన్న స్కోరుబోర్డు ఒకటి పెట్టారు. ప్లానింగ్ పని చేసినవాడిగా ఇది నాకు చాలా ముచ్చటేస్తుంది. కోట్ల డాలర్ల నిర్మాణంలో, ఒక పాత మాట నిలబెట్టుకోవడానికి ఎవరో డ్రాయింగులో ఆ బోర్డు చేర్చారు, ఎవరో దానికి బడ్జెట్ ఒప్పుకున్నారు.

మీరు చూసిన 'ఆడని ఆటగాడు' కింగ్ గిల్. 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆట. గాయాలతో ఒక్కొక్కరే బయటికి వస్తుంటే టీమ్‌లో మనుషులు మిగల్లేదు. గిల్ అప్పటికే ఫుట్‌బాల్ వదిలి బాస్కెట్‌బాల్‌కి మారాడు, ప్రేక్షకుల్లో ఉన్నాడు. కోచ్ డానా బైబుల్ పిలిస్తే వచ్చి, గాయపడినవాడి యూనిఫారం వేసుకుని, ఆట అయ్యేదాకా గీత బయట నిలబడ్డాడు. టీమ్ 22–14తో గెలిచింది, ఆయన దిగాల్సిన అవసరం రాలేదు. అవసరమైతే దిగుతానని నిలబడినందుకే ఆ విగ్రహం. విద్యార్థులు ఆట ఆసాంతం కూర్చోకుండా నిలబడటం దానికి గుర్తుగానే. లక్షకు పైగా పట్టే స్టేడియంలో వేలమంది కుర్రాళ్లు మూడు, నాలుగు గంటలు నిలబడే ఉంటారు. మీ అమ్మాయి కాళ్లు నొప్పులంటే కారణం అదే! ఇంకో సంగతి, కైల్ ఫీల్డ్ పేరు ఏ కోచ్‌దీ కాదు, ఎడ్విన్ కైల్ అనే ఉద్యాన శాస్త్ర ప్రొఫెసర్‌ది. వ్యవసాయ ప్రయోగాల కోసం తన చేతిలో ఉన్న నేలలో కొంత 1904 ప్రాంతంలో కంచె వేయించి ఆటకి ఇచ్చాడు.

క్లెమ్సన్ యూనివర్సిటీలో 'హవర్డ్స్ రాక్' అని ఒక రాయి. కాలిఫోర్నియా డెత్ వ్యాలీ నుంచి ఒక పూర్వ విద్యార్థి కోచ్ ఫ్రాంక్ హవర్డ్‌కి తెచ్చిచ్చాడు. ఆయన దాన్ని ఆఫీసు తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టుకున్నాడు. 1966లో స్టేడియంలో కొండ మీద దిమ్మె కట్టి పెట్టారు. మరుసటి ఏడాది నుంచి ఆటగాళ్లు దాన్ని రుద్ది కిందికి పరిగెత్తడం మొదలైంది. ఒళ్లు దాచుకోకుండా ఆడేవాళ్లే నా రాయి ముట్టుకోండి అని హవర్డ్ హెచ్చరిక. 2013లో ఎవరో కొంత ముక్క విరగ్గొట్టారు, ఇప్పుడు పెట్టెలో పెట్టి కాపాడుతున్నారు.

అదే క్లెమ్సన్‌లో స్టేడియం పక్కనే ఉడ్‌లాండ్ శ్మశానం ఉన్న కొండ ఉంది. హవర్డ్ సమాధి అక్కడే, స్టేడియం వైపు చూస్తూ. ఆట రోజుల్లో ఒకప్పుడు జనం ఆ కొండ మీద చెట్ల కింద తిని తాగి గడిపేవారు. 2020లో భూమి లోపల ఏముందో చూసే రాడార్‌తో వెతికితే, గుర్తుల్లేని సమాధులు బయటపడ్డాయి. లెక్క 600 దాటింది. యూనివర్సిటీ ఉన్న నేల ఒకప్పుడు అమెరికా ఉపాధ్యక్షుడిగా చేసిన జాన్ కాల్హూన్ వ్యవసాయ తోట. అక్కడ బానిసలుగా పనిచేసినవాళ్లవీ, తర్వాత కాలేజీ కట్టడానికి జైలు నుంచి కూలికి తెచ్చిన ఖైదీలవీ ఆ సమాధులని భావిస్తున్నారు. ఇప్పుడు ఆ కొండని కాపాడుతున్నారు, వాళ్ల చరిత్ర రాయిస్తున్నారు. స్టేడియానికి ఇంత దగ్గర్లో, దశాబ్దాల పాటు ఎవరి పేరూ లేకుండా వాళ్లు పడుకున్నారు. రాయికి ఉన్న కాపలాతో పోలిస్తే ఇది ఎంత ఆలస్యమో నాకు తలుచుకున్నప్పుడల్లా బాధ కలుగుతుంది.

ఇలాంటి దిద్దుబాట్లు ఇంకొన్ని జరుగుతున్నాయి. నార్త్ కరోలైనా యూనివర్సిటీలో కెనన్ స్టేడియం ఫలకం మీద, దాన్ని కట్టడానికి డబ్బిచ్చిన కెనన్ తండ్రి పేరు ఉండేది. 1898లో విల్మింగ్టన్‌లో నల్లజాతివాళ్లను ఊచకోత కోసినవాళ్లలో ఆయన ఒక దళానికి నాయకుడు. 2018లో ఆ ఫలకం తీసేసి, డబ్బిచ్చిన కొడుకు పేరు మీదికి గౌరవం మార్చారు. టెక్సాస్ యూనివర్సిటీలో 1969 చాంపియన్ టీమ్ మొత్తం తెల్లవాళ్లే. ఆ తర్వాతి ఏడాది టీమ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు జూలియస్ విటియర్. ఆయన విగ్రహం 2020లో స్టేడియం దగ్గర పెట్టారు.

చివరగా మార్షల్ యూనివర్సిటీ గురించి. వెస్ట్ వర్జీనియాలో హంటింగ్టన్ అనే చిన్న ఊరు. 1970 నవంబరు 14న టీమ్ నార్త్ కరోలైనాలో ఆడి వస్తుంటే విమానం ఊరి విమానాశ్రయం దగ్గరే కూలింది. 75 మంది, ఆటగాళ్లు, కోచ్‌లు, టీమ్‌తో వెళ్లిన ఊరి పెద్దలు, సిబ్బంది, ఒక్కరూ మిగల్లేదు. గుర్తుపట్టలేని ఆరుగురు ఆటగాళ్లని ఊరి మీదున్న స్ప్రింగ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే ఖననం చేశారు. స్టేడియం గోడ మీద పెద్ద కంచు శిల్పం ఉంది. కానీ ఊరు గుమికూడేది క్యాంపస్ మధ్యలో, హారీ బెర్టోయా 1972లో చేసిన ఫౌంటెన్ దగ్గర. ఏటా నవంబరు 14న అక్కడ 75 పేర్లూ చదువుతారు, పుష్పగుచ్ఛం పెడతారు, నీళ్లు ఆపేస్తారు. మళ్లీ వసంతం వచ్చేదాకా తిప్పరు. చలికాలమంతా క్లాసులకి వెళ్లే ప్రతి విద్యార్థీ ఆ ఆగిన ఫౌంటెన్ పక్క నుంచే వెళ్లాలి. ఖర్చు లేదు, కొత్త కట్టడం లేదు. ఇంతకన్నా బాగా ఆలోచించిన స్మారకం నాకు ఇంకెక్కడా కనపడలేదు.

ఇప్పుడు మీరేం చూడాలంటే, అంత దూరాలు వెళ్లనక్కర్లేదు. మీ అమ్మాయి క్యాంపస్‌లోనే బాన్‌ఫైర్ మెమోరియల్ ఉంది, అది చూశామని మీరు రాయలేదు. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీతో ఆటకి ముందు విద్యార్థులు దుంగలు పేర్చి పెద్ద మంట వేసేవారు. 1999 నవంబరు 18న తెల్లవారుజామున 2:42కి, పేరుస్తుండగా ఆ దుంగల కుప్ప కూలింది. 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. అదే స్థలంలో 2004లో స్మారకం కట్టారు. వలయంగా రాళ్లు, మధ్య మధ్య 12 ద్వారాలు. ఒక్కో ద్వారం ఒక్కొక్కరిది, ఒక్కోటీ వాళ్ల సొంతూరు ఉన్న దిక్కుకి తిరిగి ఉంటుంది. లోపలికి వెళ్తే వాళ్ల ముఖం, సంతకం కంచులో ఉంటాయి. వలయానికి దారి తీసే వరసలో మంట వేసిన ఒక్కో ఏడాదికీ ఒక్కో రాయి. 1963 దగ్గర ఖాళీ ఉంటుంది, కెనెడీ హత్య జరిగిన ఆ ఏడాది మంట వెయ్యలేదు. తొందరపడకుండా ఒక గంట పెట్టుకోండి. ఏటా నవంబరు 18న అదే వేళకి విద్యార్థులు అక్కడ చేరతారు. అప్పటికి మీరు ఉంటారు కాబట్టి మీ అమ్మాయి వెళ్తానంటే మీరూ వెళ్లండి, మాట్లాడకుండా వెనక నిలబడితే చాలు.

ఆస్టిన్ కారులో రెండు గంటలే. ఆట లేని రోజు వెళ్తే విటియర్ విగ్రహం, స్టేడియం తీరుబడిగా చూడొచ్చు. ఆట రోజున అయితే పార్కింగుకే సగం రోజు పోతుంది. లోపలికి పారదర్శకమైన సంచి తప్ప హ్యాండ్‌బ్యాగు రానివ్వరు, ఆంటీగారికి ముందే చెప్పండి. టికెట్ ధర ఎక్కువనిపిస్తే, సొంతూళ్లో ఆట ఉన్న ముందు రోజు అర్ధరాత్రి కైల్ ఫీల్డ్‌లో 'మిడ్‌నైట్ యెల్' అని విద్యార్థులంతా చేరి కేకలు, పాటలు సాధన చేస్తారు, దానికి టికెట్ లేదు. కాస్త ముందుగా వెళ్లి పై మెట్ల వైపు కూర్చోండి, నవంబరులో అయితే స్వెట్టర్ పట్టుకెళ్లండి.